మూడంచుల చెక్కకు గంధం బొట్టు

మొన్న ఆదివారం ఉదయం వంటింటి అటక మీద కత్తెర కోసం వెతుకుతున్నాను. స్టూలెక్కినా నా కళ్లు అటక అంచు దాటవు, చెయ్యి మాత్రం దాటుతుంది. మోచేతిదాకా లోపలికి పోనిచ్చి తడుముతూ పోతే మొదట చల్లటి ఇత్తడి చెంబు తగిలింది. తర్వాత దుమ్ము పట్టిన పురికొస ఉండ, దాని పక్కన ఏదో చెక్కముక్క. బొటనవేలు ఒకచోట ఆనించి చూపుడువేలితో దాన్ని చుట్టూ తడిమాను. ఒక అంచు, రెండో అంచు, మూడోది... కింద స్టూలు పట్టుకుని నిలబడ్డ మా ఆవిడ విసుక్కుంది. "దొరికిందా లేదా? ఎంతసేపు?" "ఆగు, ఇంకా నములుతున్నాను," అన్నాను. "పని చెప్పినప్పుడే నోట్లో ఏదో ఒకటి వేసుకుంటారు," అంది. నా మాటలు సగం ఆమెకు అర్థం కావు, మిగతా సగం ఆమె పట్టించుకోదు. మా కాపురం చల్లగా సాగడానికి ఇదే కారణమని నా అనుమానం.

చేత్తో నమలడమన్న ఆ మాట నాది కాదు, మొదటి ఉద్యోగంలో నాతో పనిచేసిన యాకూబ్ చాచాది. "కన్ను ఒక్కసారే మింగుతది. చెయ్యి నమిలి తింటది. గందుకే చేతికి టైము వడ్తది," అనేవారాయన. కోతులు ఒక వస్తువు ఆకారాన్ని కంటితో ఎలా గుర్తుపడతాయి, చూడకుండా చేత్తో తడిమి ఎలా గుర్తుపడతాయి అన్న సంగతి మీద పెద్ద పెద్ద వ్యాసాలు తర్వాత చదివాను. అవన్నీ ఈ మాట చుట్టూనే తిరుగుతున్నట్టు నాకనిపిస్తుంది. చాచా ఆ వ్యాసాలు చదవలేదు. వాటికి కావలసిన చెక్కలు చెక్కారు.

నాకప్పుడు ఇరవై మూడేళ్లు. మాది శ్రీకాకుళం వైపు. నాన్న గుమాస్తా ఉద్యోగంలో బదిలీ మీద వచ్చి చిలకలగూడలో ఇల్లు అద్దెకు తీసుకుని, స్టేషనులోంచి వినబడే రైలు కూతలను బట్టి టైము చెప్పేంతగా స్థిరపడ్డారు. సికింద్రాబాద్‌లో ప్రతి కరెంటు స్తంభమూ కంప్యూటర్ కోర్సుల గురించి మాట్లాడుతున్న రోజులవి. అప్పటిదాకా మా ఇంట్లో జావ అంటే రాగిజావే. ఉన్నట్టుండి ఆ మాటకు దీర్ఘం వచ్చింది, దీర్ఘంతో పాటు ఉద్యోగాలూ వచ్చాయి. మా వీధిలో నా ఈడువాళ్లంతా జావా క్లాసులకు పోతుంటే నేను జంతుశాస్త్రం డిగ్రీ చేతపట్టుకుని, అల్వాల్ దాటాక ఉన్న ఒక పరిశోధనశాలలో కోతుల దగ్గర చేరాను. వాళ్లది కోడింగ్, నాది కోతింగ్. ఒకసారి సంబంధాలు చూసే పెద్దాయన ఇంటికొచ్చి, "అబ్బాయిది సాఫ్ట్‌వేరా, హార్డ్‌వేరా?" అని అడిగితే అమ్మ కాసేపు ఆలోచించి, "చెక్కలండీ," అంది. ఆయన మళ్లీ రాలేదు.

నాన్న రోజూ సాయంత్రం చెప్పులు విప్పుతూ ఒకే ప్రశ్న వేసేవారు. "ఏట్రా, ఇవాళైనా నీ కోతులు పాసయ్యాయేటి?"

"అలగనకండి, ఆడు సదువుకున్న ఉద్యోగమే సేస్తన్నాడు," అనేది అమ్మ.

"నానేటన్నాను? కోతులే పాసవ్వాలి, ఈడు కాదు. అదే గొప్ప సదుపాయం."

కానీ వెటకారం కింద గడువు కూడా ఉండేది. నాది తాత్కాలికం పోస్టు. డిసెంబరు ఆఖరుకు ముగుస్తుంది. ఈలోగా సమీక్షా సంఘంవాళ్లు వచ్చి, చూసి, ప్రాజెక్టును పొడిగిస్తేనే నా కుర్చీ ఉంటుంది. లేకపోతే జనవరిలో నేనూ జావా క్లాసులో కూర్చుంటానని నాన్నకు మాటిచ్చాను. అప్పటిదాకా నేను బాగా చేశానని చెప్పుకోదగ్గ పని ఒక్కటీ లేదు. ఇదొక్కటి చేయగలనని ఎందుకో నాకు గట్టిగా అనిపించేది. అందుకే ఆ కుర్చీ అంటే అంత ప్రాణం.

పరిశోధన డాక్టర్ వసుంధర గారిది. మేం మేడమ్ అనేవాళ్లం. ఏర్పాటు చూడటానికి సాదాసీదాగా ఉండేది. ఒక చెక్కపెట్టె. దానికి అవతలి వైపు కోతి కూర్చుంటుంది. చొక్కా చెయ్యిలా కుట్టిన నల్లగుడ్డలోంచి కోతి చెయ్యి పెట్టె లోపలికి వస్తుంది, కళ్లకు మాత్రం లోపలేముందో కనబడదు. లోపల పళ్లెంలో అరచేతిలో ఇమిడే రెండు టేకు చెక్కలు. ఒకటి మూడంచులది, ఒకటి నాలుగంచులది. మూడంచుల చెక్కను పక్కకు జరిపితే దాని కింద గుంటలో వేరుశనగ గింజ. నాలుగంచులదాని కింద ఏమీ ఉండదు. ఇవతలి వైపు కూర్చుని పళ్లెం తోయడం, చెక్కల స్థానాలు మార్చడం, కోతి దేన్ని జరిపిందో రాసుకోవడం నా పని. మధ్యలో అడ్డుపలక ఉంటుంది, కాబట్టి కోతికి నా మొహం కనబడదు, నాకు కోతి మొహం కనబడదు. ఈ ఏర్పాటు వల్ల ఇద్దరికీ లాభమే అనేవారు చాచా.

యాకూబ్ చాచా కాగితాల మీద అటెండరు. జనగామ వైపు మనిషి, తాతల నాటినుంచి వడ్రంగం. చెవి మీద పెన్సిలు, దారంతో కట్టిన కళ్లజోడు, తెల్లగడ్డంలో ఎప్పుడూ కాస్త రంపపు పొట్టు. పెట్టె ఆయన చేసిందే, చెక్కలూ ఆయన చెక్కినవే. కోతుల తిండీ తిప్పలూ చూసేదీ ఆయనే. కోతులతో ఉర్దూలో, మాతో తెలుగులో, రంపంతో రెండూ కలిపి మాట్లాడేవారు. కోతులకు మేడమ్ నంబర్లు ఇస్తే ఈయన పేర్లు పెట్టారు. ఛాతీ విరుచుకుని నడిచే మగకోతి కల్నల్. ఏ పనీ తొందరగా చేయని, పెట్టిన అరటిపండును కూడా కాసేపు పరీక్షగా చూసిగాని ఒలవని ఆడకోతి బేగం.

నేను చేరిన మొదటి రోజు చాచా నన్ను అవతలి వైపు, కోతి కూర్చునే పీట మీద కూర్చోబెట్టారు.

"చెయ్యి పెట్టు, డిగ్రీ సాబ్. ఏముంది?"

"చెక్క."

"గది నాకు సుత ఎరుకే, నేనే చేసిన. ఎన్ని అంచులున్నయి?"

నేను పట్టిపట్టి తడిమాను. "ఐదు," అన్నాను.

చాచా నవ్వలేదు. ఆయన నవ్వాపుకున్నప్పుడు గడ్డంలోంచి రంపపు పొట్టు రాలేది, అది రాలింది. "మూడే ఉన్నయి. ఎక్కడ షురూ చేసినవో మర్చిపోయి రెండు అంచులను రెండేసి మార్లు తడిమినవ్. బొటనవేలు ఆడనే పెట్టు, కదిలియ్యకు. ఇంకో వేలు తిప్పుకుంట రా. మళ్ల బొటనవేలు దగ్గరికొస్తె ఇల్లు చేరినట్టు."

ఆ రోజు పదిసార్లలో నేను ఆరుసార్లు సరిగ్గా చెప్పాను. తర్వాత కూర్చున్న కల్నల్‌కూ ఆరే వచ్చాయి. "బరాబర్ ఉన్నరు," అన్నారు చాచా మేడమ్‌తో. "ఇద్దర్లో ఎవర్నైనా ఉంచుకోవచ్చు."

నల్లగుడ్డ తీసేసి చెక్కలు కళ్లకు కనబడేలా పెడితే కల్నల్ నాలుగు రోజుల్లో పాఠం నేర్చేసుకున్నాడు. బేగం వారం తీసుకుంది. మళ్లీ గుడ్డ వేసేసరికి ఇద్దరూ మొదటికొచ్చారు. కంటితో అంత బాగా తెలిసిన చెక్కే చేతికి కొత్తది. నాకది వింతగా ఉండేది. ఒకే ఒంట్లో ఉన్న కన్ను చేతికి ఆ కాస్త కబురు చెప్పదా?

"కన్నూ చెయ్యీ ఒక్కింటి తోడికోడళ్లు," అన్నారు చాచా. "మాటలుండయి. దేని కాపురం దానిదే."

జూలై గడిచింది, ఆగస్టు గడిచింది. గుడ్డ వేస్తే చాలు, ఇద్దరికీ పదింట ఐదు, ఆరు. బొమ్మా బొరుసూ వేసినా అంతే వస్తుంది. నాన్న ప్రశ్నకు నా జవాబు రోజురోజుకూ చిన్నదవుతూ వచ్చి చివరికి మూలుగు స్థాయికి చేరింది.

అప్పుడు దసరా వచ్చింది. మేడమ్ సెలవులో ఉన్నారు. మహర్నవమి రోజు ఆయుధపూజ చేయాలని తోటమాలి దగ్గర్నుంచి వాచ్‌మన్ దాకా అందరూ అనుకుని, గంధం తీసి కుంకుమ తెచ్చి, జీపు నుంచి తూకం మిషను దాకా దేన్నీ వదలకుండా బొట్లు పెట్టారు. చాచా బాడిసె నుంచి చెక్క నునుపు చేసే రంధా దాకా తన పనిముట్లన్నీ గుడ్డ మీద వరసగా పేర్చుకుని తెచ్చారు. "నా బాడిసెకు సుత పెట్టు. రంధాకు జెర పెద్దగ పెట్టు, ఏడాది సంది అలిగి ఉన్నది," అన్నారు. అన్నిటికీ పెట్టాక నా ఆయుధాలేమిటా అని ఆలోచించాను. చెక్కలే కదా. మూడంచుల చెక్కలు నాలుగుంటే నాలుగింటికీ నిండుగా గంధం పూసి కుంకుమ అద్దాను. నాలుగంచులవాటికి పెట్టలేదు. వేరుశనగ గింజను ఏనాడూ దాచుకోని చెక్కకు బొట్టెందుకని నా తర్కం. మర్నాడు తడిగుడ్డతో అన్నీ శుభ్రంగా తుడిచి, ఎండబెట్టి, ఎర్రదనం పోయిందని చూసుకుని పళ్లెంలో పెట్టాను. కంటితో చూసుకున్నాను. ఆ మాట గుర్తుంచుకోండి, నేను గుర్తుంచుకోలేదు.

ఆ వారంలో బేగం పదింట ఎనిమిదికి చేరింది. తర్వాతి వారం తొమ్మిది. కల్నల్ కూడా ఎనిమిది. బేగం పద్ధతి కూడా మారింది. చెయ్యి లోపలికి వచ్చేది, ఒక చెక్కను తాకేది, వెనక్కి వెళ్లిపోయేది. ఒక్క క్షణం ఆగి మళ్లీ వచ్చి ఠక్కున సరైనదాన్ని జరిపేది. ఆ వెనక్కి వెళ్లిన క్షణానికి నేను పుస్తకంలో 'ఆలోచిస్తోంది' అని రాసుకున్నాను. సెలవు నుంచి వచ్చిన మేడమ్ ఆ మాటను రెండుసార్లు చదివి, "ఇది చాలా ఆసక్తికరం, శ్రీధర్," అన్నారు. నాకు ఒక అంగుళం ఎత్తు పెరిగినట్టయింది. ఆవిడ అంకెలతో సహా నివేదిక రాసి సమీక్షా సంఘానికి పంపారు. డిసెంబరు మొదటివారంలో వస్తామని జవాబొచ్చింది. ఆ సాయంత్రం నాన్న చెప్పులు విప్పకముందే చెప్పాను. "పాసయ్యాయి నాన్నా. ఫస్టు క్లాసు."

నాన్న చెప్పులు విప్పారు. "అయితే నీ కోతులు నీకన్నా నయం," అని లోపలికి పోయి అమ్మతో, "ఆడికి కాస్త పాయసం సెయ్యి," అన్నారు. వెటకారం కాదది. మా నాన్న నాకోసం అడిగి చేయించిన మొదటి పాయసం.

నవంబరు మొదట్లో ఒక ఉదయం చాచా బేగం వైపు నుంచి పిలిచారు. "డిగ్రీ సాబ్, జెర ఇటు రా. ఆడనే కూసుంటవ్ ఎప్పుడు జూసినా."

"ఇది మధ్యలో ఉంది చాచా."

"మధ్యల ఉన్నప్పుడే రావాలె."

వెళ్లాను. బేగం చెయ్యి గుడ్డలోంచి బయటికొచ్చింది. వచ్చిన చెయ్యి తిన్నగా ముక్కు దగ్గరికి వెళ్లింది. బేగం వేళ్లు వాసన చూసుకుంది, పద్ధతిగా, ఒక్కొక్క వేలూ. మళ్లీ చెయ్యి లోపలికి పెట్టింది. గింజ తీసుకుని నోట్లో వేసుకుంది.

"ఇదీ నీ ఆలోచన," అన్నారు చాచా.

ఆయన పెట్టెలోంచి మూడంచుల చెక్క తీసి నా ముక్కు దగ్గర పెట్టారు. నాకేమీ తెలియలేదు. "వేలితో గట్టిగ రుద్దు," అన్నారు. రుద్ది వాసన చూశాను. లీలగా గంధం. టేకు రేఖల్లో, తడిగుడ్డ చేరని చోట, కంటికి కనబడని సన్నని పొడిగా అది అలాగే ఉంది. వేలికి కాస్త గరగరగా కూడా తగిలింది. నాలుగంచుల చెక్క నున్నగా, వాసన లేకుండా ఉంది. ఇన్నాళ్లుగా బేగం అంచులు లెక్కపెట్టడం లేదు. బొట్టున్న చెక్క ఏదో చూసుకుంటోంది, అంతే.

చెక్కను తిరిగి పళ్లెంలో పెట్టేశాను. "మీకెప్పుడు తెలిసింది?" అని అడిగాను.

"ఇయ్యాల్నే. నిన్న అనుమానమొచ్చింది. పండుగ నాడు నేను సుత పక్కనే ఉన్న, నువ్వు పూస్తుంటే జూసుకుంట. నాకూ తట్టలే. ముసలోన్ని, నాకైనా తట్టాలె."

"మేడమ్‌కి మీరు చెప్తారా?"

చాచా కళ్లజోడు తీసి చొక్కాతో తుడుచుకున్నారు. "నేను చెప్తె అది చాడీ అయితది. నువ్వు చెప్తె సైన్స్ అయితది. పరేషాన్ గాకు. కానీ లేటు చెయ్యకు, లేటైతె అదింకోటి అయితది."

మేడమ్ గది మెట్లెక్కితే వస్తుంది, పదహారు మెట్లు. నేను ఆ మెట్లు ఎక్కకుండా గేటు బయటికి నడిచాను. అల్వాల్ బస్టాపుకు వెళ్లి కూర్చున్నాను. చిలకలగూడ వైపు పోయే బస్సులు వచ్చాయి, పోయాయి. ఒకటి ఎక్కి రెండు స్టాపులు పోయి దిగి వెనక్కి నడిచాను. మిరపకాయ బజ్జీలు తిన్నాను, కారం తెలియలేదు, ఒళ్లంతా చెమట మాత్రం పట్టింది. ఎవరికీ తెలియదు కదా అని ఒకసారి అనుకున్నాను. చెక్కలు నెమ్మదిగా కడిగేస్తూ పోతే మెల్లగా సర్దుకుంటాయేమో అని మరోసారి. ఫస్టు క్లాసు, పాయసం, జనవరిలో జావా క్లాసులో వెనక బెంచీ, వరసగా కళ్లముందు తిరిగాయి. ఈ లోపల చాచా తన చెక్కలు తాను చెక్కుకుంటూ ఉంటారనీ, నన్ను వెతుక్కుంటూ రారనీ కూడా తెలుసు. వెతుక్కుంటూ వస్తే కోపమైనా తెచ్చుకునేవాణ్ణి. మూడు గంటల తర్వాత వెనక్కి వెళ్లి ఆ పదహారు మెట్లూ ఎక్కాను.

"మేడమ్, ఆయుధపూజ అనేది మన దేశంలో చాలా పాత సంప్రదాయం," అని మొదలుపెట్టాను. "ఎవరి వృత్తికి సంబంధించిన పనిముట్లను వాళ్లు..."

"శ్రీధర్," అన్నారావిడ పెన్ను మూత పెడుతూ. "అసలు వాక్యం ఎక్కడో వెనకాల దాక్కుంది. దాన్ని ముందుకు పిలువు."

"దసరా తర్వాత మనకొచ్చిన అంకెలన్నీ తప్పు మేడమ్. తప్పు నాది."

మిగతాదంతా చెప్పాను. ఆవిడ లేచి కిందికి వచ్చి, పెట్టె ముందు కోతి పీట మీద కూర్చుని, చీరకొంగు దోపుకుని, నల్లగుడ్డలోకి చెయ్యి పెట్టారు. నేను చెక్కలు మార్చినప్పుడల్లా వేలితో రుద్ది, బయటికి తీసి వాసన చూశారు. చాలాసేపు. ఆ తర్వాత ఆవిడ భుజాలు కదలడం మొదలైంది. ఏడుస్తున్నారేమోనని నేను భయపడ్డాను. నవ్వుతున్నారు. "నేను కూడా సరిగ్గా చెప్పేస్తున్నాను," అన్నారు. "పదికి పది."

నవ్వు ఆగాక మాత్రం మొహం గంభీరంగానే మారింది. అంకెలు వెనక్కి తీసుకుంటున్నామనీ, కారణం ఫలానా అనీ సంఘానికి ఆ సాయంత్రమే ఉత్తరం రాశారు. "పొడిగింపు సంగతి ఇక నా చేతుల్లో లేదు," అన్నారు నాతో. "నీ పోస్టు సంగతీ అంతే. అయినా నాలుగు వారాలుంది. కూర్చో." ఇంటికెళ్లి నాన్నకు ఫలితాలు రద్దయ్యాయని చెప్పాను. ఆయన, "కోతులా, నువ్వా?" అని అడిగారు. నేనే అన్నాను.

చాచా కొత్త టేకు తెచ్చి చెక్కలు మళ్లీ చెక్కారు. ఈసారి కొత్త నియమాలు. రోజూ రెండు రకాలనూ ఒకే కుంకుడు నీళ్లలో కడగాలి, ఒకే గుడ్డతో తుడవాలి. ఒకదాన్ని తాకితే రెండోదాన్నీ అంతేసేపు తాకాలి. "ఇద్దరు పెండ్లాలున్నోని లెక్క," అన్నారు చాచా. "ఒకామెకు పూలు తెస్తె ఇంకో ఆమెకు సుత తేవాలె, లేకుంటె ఇల్లే ఉండది." కొత్త చెక్కలతో మొదటి రోజు బేగం చెయ్యి లోపలికొచ్చి, తాకి, వెనక్కి వెళ్లి, చాలాసేపు రాలేదు. అవతల నుంచి చాచా గొంతు వినిపించింది. "వాసన జూస్తున్నది... మళ్ల జూస్తున్నది... ఇగో, నా దిక్కు జూస్తున్నది. బేగం సాహెబా, నన్నేం జేయమంటవ్? గా డిగ్రీ సాబ్‌ను అడుగు." ఆ రోజు పదింట నాలుగు. కల్నల్ అయితే పళ్లాన్నే ఎత్తి తోసేశాడు.

మొదటి రెండు వారాలూ అలాగే గడిచాయి. మూడో వారంలో ఒక ఉదయం నేను పెన్సిలు చెక్కుకుంటూ యథాలాపంగా పెట్టెలోకి చూశాను. బేగం చెయ్యి చెక్క మీద ఉంది. వెనక్కి పోలేదు. బొటనవేలు ఒక అంచు మీద ఆనించి ఉంది, కదలడం లేదు. చూపుడువేలు చెక్క చుట్టూ నెమ్మదిగా తిరుగుతోంది. ఒక అంచు, ఇంకొకటి, ఇంకొకటి, బొటనవేలి దగ్గరికి వచ్చి ఆగింది. ఇల్లు చేరింది. చెయ్యి పక్క చెక్క మీదకు వెళ్లి దాన్నీ అలాగే తడిమి, వెనక్కొచ్చి, మొదటిదాన్ని జరిపింది. గింజ.

"చాచా," అన్నాను. పెన్సిలు కింద పెట్టేశాను.

"ఏందీ?"

"నములుతోంది."

చాచా లేచి చప్పుడు కాకుండా నా పక్కకు వచ్చి కూర్చున్నారు. ఆ ఉదయమంతా మేమిద్దరం మాట్లాడుకోకుండా ఒక కోతి వేళ్లను చూస్తూ కూర్చున్నాం. ఇంతకన్నా మంచి ఉదయాలు నాకు తర్వాత చాలానే వచ్చి ఉంటాయి, కానీ ఇప్పుడు ఒక్కటీ గుర్తు రావడం లేదు.

సంఘంవాళ్లు వచ్చేనాటికి బేగం పదింట ఏడుకు చేరింది. కల్నల్ ఇంకా ఆరు దగ్గరే ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు. గొప్ప అంకెలేమీ కావవి. వచ్చిన ముగ్గురిలో పెద్దాయన ఒకరు, పొడుగ్గా, ఊతకర్రతో ఉన్నారు. మేడమ్ నన్నే చెప్పమన్నారు. "దసరా తర్వాతి అంకెలు చెల్లవండీ. కారణం నేను," అని మొదలుపెట్టాను. గంధం దగ్గరికి వచ్చేసరికి ఆయన చెయ్యెత్తి ఆపారు.

"మీ మొదటి నివేదిక చదివి నేను నమ్మలేదు," అన్నారాయన. "కోతి చేత్తో ఇంత తొందరగా నేర్చుకోదు. ఎక్కడో ఏదో ఉందనిపించింది, ఏమిటో తెలియలేదు. ఇక్కడికొచ్చి అదే అడుగుదామనుకుంటున్నాను, ఉత్తరమొచ్చింది. ఎవరు కనిపెట్టారు?"

"యాకూబ్ చాచా అండీ. వాసన చూస్తున్న బేగంను చూసి."

"బేగం ఎవరు?" అని కంగారుగా అడిగారు రెండో ఆయన.

పెద్దాయన పెట్టె ముందు కూర్చుంటానన్నారు. ఊతకర్ర చాచాకు ఇచ్చి, కోటు చెయ్యి మడిచి, నల్లగుడ్డలోకి చెయ్యి పెట్టారు. చాలా శ్రద్ధగా పదిసార్లు ప్రయత్నించారు. నేను ఇవతల రాసుకున్నాను. ఆరు.

"ఎన్ని వచ్చాయి?" అని అడిగారు.

నేను మేడమ్ వైపు చూశాను. చాచా ఊతకర్ర తిరిగిస్తూ, "కల్నల్‌తోని బరాబర్ ఉన్నరు సార్," అన్నారు. "బేగం జెర ముందటున్నది. బొటనవేలు కదిలిచ్చిండ్రు మీరు. అది కదిలియ్యదు."

ఆయన నవ్విన నవ్వుకు బోనులో కల్నల్ గుర్రుమన్నాడు. ప్రాజెక్టును ఏడాది పొడిగించారు. ఆ సంగతి చెప్పినప్పుడు నాన్న, "ఈసారి అంకెలు నిజమేనేట్రా?" అని మాత్రం అడిగి, నిజమేనన్నాక పేపరు మడిచి నా పక్కన కూర్చుని, బేగం బొటనవేలు ఎలా పెడుతుందో చూపించమన్నారు. అగ్గిపెట్టెతో చూపించాను. కళ్లు మూసుకుని ఆయనా ప్రయత్నించారు. తర్వాతి దసరాకు చాచా గంధం గిన్నె నా చేతికిచ్చి, "పెట్టెకు పెట్టు. బయటి దిక్కు," అన్నారు.

ఆ ఏడాది కాస్తా రెండేళ్లయింది. వ్యాసం వచ్చింది, అందులో కృతజ్ఞతల దగ్గర వడ్రంగి యాకూబ్ అని ఒక పేరు అచ్చయింది. ఆ పేజీని చాచా తన బాడిసె పక్కన గోడకు అంటించుకున్నారు. తర్వాత ఆయన జనగామ వెళ్లిపోయారు. కొన్నేళ్ల కిందట పోయారని వాళ్లబ్బాయి ఫోను చేసి చెప్పాడు. నేను చివరికి జావాలోనే పడ్డాను. రాసేవైపు కాదు, వేరేవాళ్లు రాసినది సరిగా పనిచేస్తోందో లేదో పరీక్షించే వైపు. ఆఫీసులో కుర్రాళ్లు నన్ను డౌట్ సార్ అంటారు. అన్నీ బాగున్నాయని నివేదిక వస్తే, సరైన జవాబుకు ఇంకేం అంటుకుని ఉందో చూడమంటాను. వాళ్లకు విసుగు. నాకదే జీతం.

పోయిన నెల నా తప్పే ఒకటి బయటపడింది. ముందురోజు నేను సరేనన్న పనిలో ఒక ముఖ్యమైన పరీక్ష అసలు నడవనే లేదు. ఏదో అవసరానికి దాన్ని నేనే ఆపి, మళ్లీ పెట్టడం మర్చిపోయాను. ఎవరూ గమనించలేదు. గమనించే అవకాశం కూడా తక్కువే. నేను చూసుకున్నది ఉదయం పదిన్నరకు. మా మేనేజరమ్మాయికి ఫోను చేశాను, నాకన్నా పదిహేనేళ్లు చిన్నది. "తప్పు నాది. నిన్న నేను ఒప్పుకున్న పని వెనక్కి తీసుకోవాలి," అన్నాను. "సరే సార్, చెప్పండి, ఏం జరిగింది?" అంది. చెప్పాను. అల్వాల్ బస్టాపు చుట్టూ మూడు గంటలు తిరిగి తెచ్చుకున్న ధైర్యం ఈసారి ఫోను మూడుసార్లు మోగేలోపే వచ్చింది. పెట్టేశాక ఒళ్లంతా చెమట పట్టింది. అదొక్కటీ ఇంకా ఆ రోజు పట్టినంతే పడుతోంది.